డబ్బా చేతిలో పెట్టేముందు ఒక్క మాట అడగండి

విశాఖపట్నంలో మందుల షాపులు నడుపుతున్న వారికి, కౌంటర్ల దగ్గర రోజంతా నిలబడే తమ్ముళ్ళకి, చెల్లెళ్ళకి నమస్కారం.

నేను కంచరపాలెంలో ఉంటాను. పోర్టు దగ్గర ఒక క్లియరింగ్ ఆఫీసులో కాగితాలు చూసే ఉద్యోగం. కంటైనర్లో ఉన్న సరుక్కీ, బిల్లులో రాసినదానికీ తేడా ఉంటే పట్టుకోవడమే నా పని. ఇరవై ఏళ్ళుగా చిన్న అక్షరాలు చదివి చదివి కళ్ళజోడు నంబరు రెండుసార్లు మారింది. అలాంటిదాన్ని, మా మావయ్యగారి కోసం కొన్న న్యూట్రిషన్ డ్రింకు డబ్బా వెనక ఏం రాసి ఉందో పదకొండు రోజుల దాకా తిప్పి చూడలేదు. ముందు ఆ తప్పు నాది. ఆ తర్వాతే మీ సంగతి.

మావయ్యగారికి 71 ఏళ్ళు. పోర్టులోనే చేసి రిటైర్ అయ్యారు. షుగర్ వచ్చి పదహారేళ్ళయింది. మెట్‌ఫార్మిన్, గ్లిమిపిరైడ్ కలిసిన మాత్ర పొద్దున ఒకటి, రాత్రి ఒకటి. మొన్న వానాకాలంలో న్యుమోనియా వచ్చి తొమ్మిది రోజులు ఆసుపత్రిలో ఉన్నారు. ఇంటికి వచ్చేసరికి ఆరు కిలోలు తగ్గారు. లుంగీ నడుం మీద నిలవడం లేదు. డిశ్చార్జి రోజున డాక్టరు గారు "ప్రోటీన్ ఉన్న తిండి బాగా పెట్టండమ్మా" అని చెప్పి చీటీ మీద మందులు రాశారు. డ్రింకు పేరేదీ రాయలేదు. ఆ ముక్క నాకు చాలా ఆలస్యంగా గుర్తొచ్చింది.

చీటీ పట్టుకుని షాపుకి వెళ్ళాను. మందులన్నీ కవర్లో వేశాక, "బలానికి కూడా ఏదైనా ఇవ్వు బాబూ, షుగర్ ఉన్న మనిషి" అన్నాను. ఆ అబ్బాయి వెనక్కి తిరగను కూడా తిరగలేదు. చెయ్యి వెనక్కి చాపి అరలోంచి డబ్బా తీసి ముందు పెట్టాడు. దాని మీద పెద్ద అక్షరాల్లో 'నో యాడెడ్ షుగర్' అని ఉంది. "పంచదార కలపలేదు మేడం, షుగరోళ్ళు తాగొచ్చు. పొద్దునొకటి, రాత్రొకటి. ఏటవదు" అన్నాడు.

ఏ షాపో చెప్పను. చెప్పినా లాభం లేదు, ఎందుకంటే తర్వాత ఊళ్ళో ఇంకో నాలుగు షాపుల్లో నేనే కావాలని అడిగి చూశాను. మూడు చోట్ల అదే మాట.

చూడ్డానికి వచ్చిన చుట్టాల సంగతి కూడా చెప్పాలి. మా చిన్నప్పుడు జబ్బు మనిషిని చూడ్డానికి వెళ్తే చేతిలో ఒక హార్లిక్స్ సీసా, నాలుగు బత్తాయిలు. హార్లిక్స్ మన ధవళేశ్వరంలోనే తయారవుతుందని మా నాన్న అదేదో ఇంటి మనిషి సంగతిలా గొప్పగా చెప్పేవారు. ఇప్పుడు సీసా పోయి డబ్బా వచ్చింది. వారం రోజుల్లో మా ఇంటికి మూడు డబ్బాలు, రెండు కొబ్బరి బొండాల గెలలు, ఒక డజను ఆపిల్ పళ్ళు చేరాయి. అటక మీద చోటు చాలక ఒక డబ్బా దేవుడి గూటి పక్కన పెట్టాం. అత్తయ్యగారు పొద్దున మూడు ఇడ్లీలు పెట్టి, వెంటనే గ్లాసు పాలలో పొడి కలిపి ఇచ్చేవారు. చిక్కగా ఉంటేనే బలం అని ఇంకో చెంచా. చప్పగా ఉందని మావయ్యగారు మొహం అదోలా పెడితే, నాకు తెలియకుండా చిటికెడు బెల్లం పొడి.

నాలుగో రోజు నుంచి ఆయన రాత్రి ఐదారుసార్లు లేవడం మొదలుపెట్టారు. నోరు పిడచకట్టుకుపోతోందన్నారు. ఇంట్లో మెషీన్ మీద చూస్తే టిఫిన్ అయిన రెండు గంటలకి 311. జ్వరాలు, ఇన్ఫెక్షన్లు వచ్చినప్పుడు షుగర్ దానంతట అదే పెరుగుతుంది కదా, అందుకని నెపం న్యుమోనియా మీద వేశాం. ఆసుపత్రిలో వాడిన ఇంజెక్షన్ల మీద కూడా వేశాం. ఆపిల్ పళ్ళు పంచేశాం. కొబ్బరినీళ్ళు ఆపేశాం. డబ్బా జోలికి మాత్రం ఎవరూ వెళ్ళలేదు. మందుల షాపులో కొన్నది కదా, మందు లాంటిదే అని మా అందరి మనసులో ఉంది.

నేను మీకు ఉత్తరం రాయడానికి అసలు కారణం ఈ ఒక్క వాక్యమే. మీ షాపులో మందుల పక్కన కూర్చుంది కాబట్టి మేము దాన్ని మందు అనుకున్నాం.

పదకొండో రోజు రాత్రి కళ్ళజోడు పెట్టుకుని డబ్బా వెనక్కి తిప్పాను. కాగితాలు చూసే అలవాటు కాబట్టి ముందు పదార్థాల జాబితా చదివాను. మన దేశంలో రూలు ప్రకారం ఏది ఎక్కువ బరువుంటే అది ముందు రాయాలి. మొదటి మాట మాల్టోడెక్స్‌ట్రిన్. పాల ప్రోటీన్ మూడో చోట ఉంది. అంటే ప్రోటీన్ కోసం కొన్న డబ్బాలో అన్నిటికంటే ఎక్కువున్నది ప్రోటీన్ కాదు.

మాల్టోడెక్స్‌ట్రిన్ అంటే ఏమిటో మీలో ఫార్మసీ చదివినవాళ్ళకి నేను చెప్పక్కర్లేదు. చదవనివాళ్ళ కోసం చెప్తాను. మొక్కజొన్న పిండి లాంటిదాన్ని ఎంజైములతో చిన్న చిన్న ముక్కలుగా విరగ్గొడితే వచ్చే తెల్లటి పొడి అది. నాలిక మీద పెద్దగా తియ్యగా ఉండదు, నీళ్ళలో ఇట్టే కరిగిపోతుంది. ఆ ముక్కలన్నీ గ్లూకోజ్ గొలుసులే. పేగులో ఆ గొలుసు తెగడానికి ఎంతో సేపు పట్టదు. టొరంటోలో డేవిడ్ జెంకిన్స్, ఆయనతో పనిచేసినవాళ్ళు 1981లో గ్లైసీమిక్ ఇండెక్స్ అనే కొలత తెచ్చారు. ఏ తిండి రక్తంలో షుగర్ని ఎంత తొందరగా, ఎంత ఎత్తుకి లేపుతుందో చెప్పే కొలత అది. అందులో గ్లూకోజ్‌కి 100 వేస్తే మనం భయపడే పంచదారకి 65 చుట్టుపక్కల పడుతుంది. మాల్టోడెక్స్‌ట్రిన్‌ది గ్లూకోజ్ పక్క కుర్చీ. అయినా లేబుల్ మీద 'చక్కెరలు' అనే గీతలోకి అది చాలావరకు రాదు, ఎందుకంటే గొలుసులో ఒకటి రెండు లింకులున్న వాటినే అక్కడ చక్కెరగా లెక్కేస్తారు. అందుకే ముందువైపు రాసిన 'పంచదార కలపలేదు' అనే మాట అబద్ధం కాదు. మా మెషీన్ చూపించిన 311 కూడా అబద్ధం కాదు.

దానికి తోడు అది ద్రవం. ఇడ్లీ అయితే నమలాలి, మింగాలి, కడుపులో కాసేపు నలగాలి. గ్లాసు ఎత్తి గటగటా తాగిందానికి ఆ పనులేవీ లేవు, కడుపు దాటి తొందరగా కిందకి జారిపోతుంది. చిక్కటి డ్రింకులో కొవ్వు, పీచు, ప్రోటీన్ తగినంత ఉంటే ఆ జారుడు కాస్త నెమ్మదిస్తుంది. మామూలు మాల్ట్ పొడుల్లో అవి తక్కువ. 100 గ్రాముల పొడిలో 70 నుంచి 80 గ్రాముల దాకా పిండిపదార్థమే ఉండటం మామూలు.

ఇక్కడ ఒక పక్కమాట. మన ఆర్కే బీచ్‌లో పొద్దున్నే నడిచేవాళ్ళలో చాలామంది నడక అయ్యాక ఒక గ్లాసు చోడి (రాగి) జావ తాగుతారు, షుగర్‌కి మంచిదని. చోళ్ళలో కాల్షియం ఉంది, పీచు ఉంది, నేను కాదనను. కానీ 100 గ్రాముల చోడి పిండిలో సుమారు 67 గ్రాములు పిండిపదార్థమే. మెత్తగా ఆడించి, బాగా ఉడికించి, గ్లాసులో పోసి తాగితే అది కూడా తొందరగానే రక్తంలోకి వెళ్తుంది. జావకి దండం పెట్టి డబ్బాని తిట్టడం నా ఉద్దేశం కాదు. రెండిటికీ లెక్క ఒకటే.

మర్నాడు సగం వాడిన డబ్బా పక్కన పెట్టి, వేరే షాపులో 'షుగర్ పేషెంట్ల కోసం ప్రత్యేకం' అని రాసి ఉన్న డబ్బా కొన్నాను. ఈసారి కౌంటర్ దగ్గరే నిలబడి వెనకంతా చదివాను. నా వెనక నిలబడ్డాయన విసుక్కున్నాడు, పర్వాలేదు. ఇందులో నెమ్మదిగా అరిగే ఐసోమాల్టులోజ్ లాంటివి ఉన్నాయి, పీచు ఉంది, నూనెలు ఎక్కువ, ప్రోటీన్ కూడా నయం. ఇలాంటి డ్రింకులు తాగితే మామూలు న్యూట్రిషన్ డ్రింకు కంటే షుగర్ తక్కువ పెరుగుతుందని పరీక్షల్లో చాలాసార్లు తేలిన మాటే. అయితే పోలిక దేనితోనో చూడండి. మామూలు డ్రింకుతో పోలిస్తే తక్కువ. మంచినీళ్ళతో పోలిస్తే కాదు.

వెనక పట్టికలో మూడు నిలువు గడులున్నాయి. 100 గ్రాముల పొడికి ఒకటి, కలిపిన తర్వాత 100 మిల్లీలీటర్లకి ఒకటి, ఒక్కసారి తాగే గ్లాసుకి ఒకటి. మధ్య గడిలో అంకెలు చాలా చిన్నవిగా, ముద్దుగా ఉంటాయి, కన్ను అక్కడికే పోతుంది. మాకు కావలసింది చివరి గడి. ఒక గ్లాసుకి 52 గ్రాముల పొడి, అందులో పిండిపదార్థం సుమారు 28 గ్రాములు. ఇంట్లో వేసుకునే ఇడ్లీ ఒకదానిలో పిండిపదార్థం 8 నుంచి 10 గ్రాములు అనుకుంటే, ఈ గ్లాసు మూడు ఇడ్లీలు. నీళ్ళలో కలపమని డబ్బా మీద ఉంది. మేము 200 మిల్లీలీటర్ల పాలలో కలుపుతున్నాం. పాలలో సహజంగా ఉండే లాక్టోజ్ ఇంకో పది గ్రాములు, అంటే నాలుగో ఇడ్లీ. దీనికి ముందు నిజంగా తిన్న ఇడ్లీలు మూడు. పొద్దున్నే ఆయన మూడు ఇడ్లీల మనిషి కాస్తా ఏడు ఇడ్లీల మనిషి అయిపోయారు. మాత్ర మాత్రం పాతదే, పాత మోతాదే.

నేను డాక్టర్ని కాను. ఒక్క మనిషి మీద మూడు రోజులు వేసిన లెక్క శాస్త్రం కాదని కూడా తెలుసు. అయినా మా ఇంటి నోట్‌బుక్‌లో ఉన్నది ఉన్నట్టు రాస్తున్నాను. మొదటి రోజు మూడు ఇడ్లీలు, కొబ్బరి చట్నీ, డ్రింకు లేదు. పరగడుపున 136, రెండు గంటలకి 188. రెండో రోజు అవే మూడు ఇడ్లీలు, పాలలో కలిపిన కొత్త డ్రింకు. పరగడుపున 141, రెండు గంటలకి 262. మూడో రోజు ఇడ్లీలు లేవు, నీళ్ళలో కలిపిన డ్రింకు ఒక్కటే. పరగడుపున 138, రెండు గంటలకి 179. సాధారణంగా తిన్న తర్వాత 180 లోపు ఉంచుకోమంటారు కదా, మూడో రోజు అంచు మీద నిలబడింది. రెండో రోజుదీ, మూడో రోజుదీ ఒకే డబ్బా. ఒకరోజు టిఫిన్‌తో పాటు వెళ్ళింది, ఒకరోజు టిఫిన్‌కి బదులు వెళ్ళింది. అంతే తేడా.

ఈ నోట్‌బుక్ డాక్టరు గారికి చూపిస్తే ఆయన నా మొహం చూసి, "ఆడిటర్ దగ్గరికి వచ్చినట్టుందమ్మా" అని నవ్వారు. తర్వాత, దీన్ని టిఫిన్ లెక్కలోనే రాసుకోమన్నారు. పూర్తిగా తినలేని రోజు ఒక పూటకి బదులుగా ఇవ్వమన్నారు. తినగలిగే రోజు డబ్బా ముట్టుకోవద్దన్నారు. రెండు గంటలకే కాకుండా అప్పుడప్పుడు గంటకి కూడా చూడమన్నారు, తాగేవి పైకెళ్ళేది అప్పుడే కాబట్టి.

ఇంత చెప్పాక నాకు బుద్ధి వచ్చిందనుకున్నాను. తర్వాతి మంగళవారం ఆఫీసులో ఉండగా అత్తయ్యగారి ఫోను. "మీ మావయ్యకి చెమటలు పట్టేస్తన్నాయి, చేతులు వణుకుతన్నాయి, షుగర్ డౌనైపోయినట్టుంది. డ్రింకు కలిపి ఇచ్చేశాను, నువ్వేం కంగారు పడకు" అన్నారు. మెషీన్ పెట్టమంటే 64. ఆ పొద్దున డ్రింకు తాగి, పదకొండింటికి ఏమీ తినకుండా కూర్చున్నారు, లోపల షుగర్ని దించే గ్లిమిపిరైడ్ దాని పని అది చేసుకుపోయింది. ఇప్పుడు చూడండి, ఆవిడ ఇచ్చినది నెమ్మదిగా అరగడం కోసమే తయారు చేసిన డ్రింకు. షుగర్ పడిపోయినప్పుడు కావలసింది సరిగ్గా దానికి రివర్సు. ఫోన్లోనే చెప్పి మూడు చెంచాల పంచదార నీళ్ళలో కలిపి తాగించాను. పదిహేను నిమిషాలకి 92 వచ్చింది. ఆ పదిహేను నిమిషాలు నేను ఆఫీసులో ఏ కాగితం మీద సంతకం పెట్టానో నాకే తెలియదు.

ఇందులో మీకు తెలిసి, మాకు తెలియని మెలిక ఇంకొకటి ఉంది. వోగ్లిబోస్, అకార్బోస్ అనే షుగర్ మాత్రలు పేగులో పంచదార విరగడాన్నే నెమ్మది చేస్తాయి కాబట్టి, అవి వేసుకునేవాళ్ళకి షుగర్ పడిపోతే పంచదార కూడా ఆలస్యంగానే పనిచేస్తుంది, గ్లూకోజ్ పొడే కావాలి. ఆ మాత్రలు మీరు రోజూ ఎంతమందికి ఇస్తారో మీకే తెలుసు. వాటితో పాటు ఒక చిన్న గ్లూకోజ్ ప్యాకెట్ ఇంట్లో ఉంచుకోమని చెప్పే షాపు మాత్రం నాకు ఇప్పటిదాకా తగల్లేదు. తగిలితే వాళ్ళకి నమస్కారం పెడతాను.

మిమ్మల్ని తప్పు పట్టడానికి ముందు మీ ఇబ్బంది కూడా ఆలోచించాను. సాయంత్రం ఆరు నుంచి తొమ్మిది దాకా కేజీహెచ్ డౌన్‌లో మందుల షాపుల ముందు నిలబడితే తెలుస్తుంది, ఊపిరి తీసుకునే సందు ఉండదు. ఒకడు స్కానింగ్ రిపోర్టు చూపిస్తాడు, ఒకావిడ మాత్ర రంగు చెప్పి పేరు అడుగుతుంది, ఇంకొకాయన స్కూటరు ఆపకుండానే క్రోసిన్ అని అరుస్తాడు. డబ్బా అడిగినవాడికి డబ్బా ఇవ్వడం కంటే ఏం చేస్తారు? పైగా చట్టం ప్రకారం ఇది మందు కాదు, తిండి సరుకు. దాని మీద ఉండేది ఎఫ్ఎస్ఎస్ఏఐ, అంటే కేంద్ర ఆహార భద్రతా సంస్థ, ఇచ్చే 14 అంకెల లైసెన్సు నంబరు. కిరాణా కొట్టువాడు కూడా అమ్ముకోవచ్చు. జబ్బు మనుషుల కోసమని ప్రత్యేకంగా చేసిన వాటి మీద 'వైద్యుల సలహా మీదే వాడాలి' అనే అర్థం వచ్చే మాట ఉంటుంది, అదీ ఇంగ్లీషులో, అదీ వెనకాల.

ఇంగ్లీషు అంటే గుర్తొచ్చింది. లేబుల్ మీద వివరాలు ఇంగ్లీషులో గానీ, దేవనాగరిలో హిందీలో గానీ ఉండాలన్నది నియమం. అదనంగా తెలుగులో రాస్తే కాదనరు, రాయకపోతే అడగరు. అందుకని ఎవరూ రాయరు. మా అత్తయ్యగారు పదో తరగతి చదివారు, పేపరు మొదటి పేజీ నుంచి చివరి దాకా చదువుతారు. ఆవిడకి ఆ డబ్బా మీద అర్థమయ్యేది బొమ్మ ఒక్కటే. బొమ్మలో తెల్ల జుట్టు తాతగారు మనవణ్ణి భుజాల మీద ఎక్కించుకుని నవ్వుతుంటాడు.

ప్రభుత్వం ఏమీ చెయ్యలేదని కూడా అనను. మన ఆహార భద్రతా చట్టంలో 'హెల్త్ డ్రింక్' అనే నిర్వచనమే లేదని, పాల పొడులు, మాల్ట్ పొడులు ఆ పేరు కింద పెట్టవద్దని 2024 ఏప్రిల్‌లో ఆన్‌లైన్ కంపెనీలకి చెప్పారు. హార్లిక్స్ అమ్మే కంపెనీ కూడా అదే నెలలో ఆ విభాగం పేరులోంచి 'హెల్త్' తీసేసింది. మరి మీ షాపుల్లో అర పైన అంటించిన 'హెల్త్ డ్రింక్స్' కాగితం చాలాచోట్ల అలాగే ఉంది. అదే ఏడాది జులైలో చక్కెర, ఉప్పు, సంతృప్త కొవ్వు లెక్కలు డబ్బా మీద పెద్ద అక్షరాల్లో వెయ్యాలనే ప్రతిపాదనకి ఎఫ్ఎస్ఎస్ఏఐ ఒప్పుకుంది. మంచిదే. కానీ చక్కెర గీతని ఎంత లావుగా అచ్చేసినా మాల్టోడెక్స్‌ట్రిన్ ఆ గీతకి దొరకదు కదా. మా ఇంటి డబ్బా మీద ఆ లావు అక్షరాలు ఉన్నా మేము ఇంకా ధైర్యంగా తాగించేవాళ్ళం.

అందుకే ఢిల్లీకి రాయకుండా మీకు రాస్తున్నాను. డబ్బాకీ, గ్లాసుకీ మధ్యలో మాట్లాడగలిగే మనిషి మీరొక్కరే. కంపెనీ మాట్లాడదు, డబ్బా ఇంగ్లీషులో మాట్లాడుతుంది, డాక్టరు గారికి మీరేం ఇచ్చారో తెలియదు.

నేను అడిగేది చిన్న పని. ఎవరైనా న్యూట్రిషన్ డ్రింకు అడిగితే, చెయ్యి అరలో పెట్టేముందు "ఇంట్లో షుగర్ ఎవరికైనా ఉందా?" అని అడగండి. షుగర్ మీద దేశమంతా చేసిన ఐసీఎంఆర్-ఇండియాబ్ సర్వే 2023లో చెప్పిన లెక్క ప్రకారం దేశంలో పెద్దవాళ్ళలో 11.4 శాతం మందికి, అంటే సుమారు 10 కోట్ల మందికి షుగర్ ఉంది. రోడ్డు మీద పోయే పదిమందిలో ఒకరికి పైనే. మందుల షాపు ముందు నిలబడేవాళ్ళలో ఇంకా ఎక్కువే ఉండి తీరాలి. ఉందంటే, "టిఫిన్‌తో పాటా, టిఫిన్‌కి బదులా?" అని రెండో మాట. అడగడానికి పది సెకన్లు పట్టదు. కొనేవాళ్ళు తెల్లమొహం వేస్తే అదే జవాబు, డాక్టరుని అడిగి రమ్మని పంపించండి.

మూడో మాట కూడా ఒకటుంది, ఇది మన ఉత్తరాంధ్రకి మరీ ముఖ్యం. "క్రియాటినిన్ ఎంతుంది?" అని, అంటే కిడ్నీలు ఎలా ఉన్నాయో చెప్పే రక్త పరీక్ష అంకె. శ్రీకాకుళం జిల్లా ఉద్దానం నుంచి కిడ్నీ జబ్బుతో ఎంతమంది మన ఊరి ఆసుపత్రులకి వస్తారో మీకు వేరే చెప్పాలా? షుగర్ పాతబడినవాళ్ళకి కిడ్నీలు దెబ్బతినడం కూడా మామూలే. అలాంటివాళ్ళకి ప్రోటీన్ ఎంత, పొటాషియం ఎంత అన్నది డాక్టరు లెక్కగట్టి చెప్పాల్సిన విషయం. ఆర్టీసీ కాంప్లెక్స్‌లో బస్సు దిగి, ఆసుపత్రికి వెళ్ళి, తిరిగి సోంపేట బస్సు ఎక్కేముందు "నీరసంగా ఉంది, ఏదైనా పొడి ఇవ్వండి" అని అడిగే మనిషికి "ఏటవదు" అని డబ్బా ఇవ్వడం నాకైతే భయం వేస్తుంది.

ఈ డ్రింకులు ఎవరికీ అక్కర్లేదని నేను అనడం లేదు. గొంతు దిగని వాళ్ళుంటారు. ముక్కులో గొట్టంతో ఆహారం వెళ్ళేవాళ్ళుంటారు. క్యాన్సర్ మందులతో నోరు పూసి అన్నం ముద్ద చూస్తేనే ఏడ్చేవాళ్ళుంటారు. టీబీ, షుగర్ రెండూ కలిసి ఎముకల గూడైపోయిన వాళ్ళుంటారు. వాళ్ళకి ఆ గ్లాసే అన్నం. షుగర్ ఉంటే వాళ్ళకి ఇవ్వాల్సింది షుగర్ వాళ్ళ కోసం చేసిన రకమే, దాని ఖరీదుకి అర్థం ఉంది. నా గొడవంతా మూడు పూటలా తింటూ, పైన ఇంకో రెండు గ్లాసులు తాగే మా మావయ్యగారి లాంటి వాళ్ళ గురించి.

ఖరీదు మాట ఎలాగూ వచ్చింది. 400 గ్రాముల డబ్బా, గ్లాసుకి 52 గ్రాముల చొప్పున, ఏడు గ్లాసులు, అడుగున కాస్త పొడి. రోజుకి రెండంటే నాలుగు రోజులకి కూడా రాదు. ఆ లెక్క తెలియక జనం ఏం చేస్తారంటే, రెండు చెంచాలు వేసి నెల రోజులు లాగుతారు. అప్పుడు షుగర్ పెద్దగా పెరగదు, నిజమే. ప్రోటీన్ కూడా రాదు. డబ్బులు మాత్రం పోతాయి.

మా ఇంట్లో ఇప్పుడు జరుగుతున్నది చెప్పి ముగిస్తాను. ఫిషింగ్ హార్బర్‌లో పనిచేసే మా పక్కింటాయన వారంలో మూడు రోజులు కానాగంతలో, నెత్తళ్ళో తెచ్చి పెడుతున్నాడు. చేప ఏదైనా 100 గ్రాములకి 20 గ్రాముల ప్రోటీన్‌కి అటూ ఇటూగా ఉంటుంది, పిండిపదార్థం లేదు. పొద్దున ఇడ్లీలు రెండుకి తగ్గి పక్కన ఒక గుడ్డు వచ్చింది. గుడ్డుకి ఆరు గ్రాములు. వారానికి రెండుసార్లు పెసరట్టు. మధ్యాహ్నం ఉలవచారు, పెరుగు. పదకొండింటికి గుప్పెడు వేయించిన శనగలు, ఆ మంగళవారం తర్వాత ఇది మాత్రం ఎవరూ మర్చిపోవడం లేదు. రెండు నెలల్లో పోయిన ఆరు కిలోల్లో మూడున్నర తిరిగొచ్చింది. లుంగీ నిలబడింది. టిఫిన్ తర్వాత షుగర్ ఎక్కువ రోజులు 170, 190 మధ్య తిరుగుతోంది. ఆయన వయసుకి అది చాలని డాక్టరు గారు అన్నారు. డబ్బా ఇంట్లోనే ఉంది, ఒంట్లో బాగాలేని రోజు కోసం, మూత మీద తెలుగులో 'టిఫిన్‌కి బదులు' అని స్కెచ్ పెన్నుతో రాసి. అత్తయ్యగారు ఆ మాట కింద 'బెల్లం వద్దు' అని తనే రాసుకున్నారు.

అలాంటి నాలుగు ముక్కలే పెద్ద అక్షరాల్లో ఒక కాగితం మీద రాసి పెట్టాను. షుగర్ ఉంటే చెప్పండి, ఇది ఒక పూట తిండి, పాలలో కాదు నీళ్ళలో, కిడ్నీ సమస్య ఉంటే డాక్టరుని అడిగి కొనండి. ఫొటోస్టాట్ ఖర్చు నాది. శనివారం మధ్యాహ్నం నుంచి నాకు ఖాళీ. కంచరపాలెం మెట్టు దగ్గర మొదలుపెట్టి, ఊర్వశి జంక్షన్ మీదుగా మర్రిపాలెం దాకా ఒక్కో షాపుకీ వస్తాను. మీ డ్రింకుల అర పక్కన జానెడు చోటు చూపించండి. కాగితం నేను తెస్తాను, టేపు మాత్రం మీరు ఇవ్వాలి.

ఇట్లు,
కంచరపాలెం నుంచి ఒక కోడలు